ఆపరేషన్ మచ్చ లావెక్కకుండా ఉండాలంటే... ఏం రాయాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి?

కుట్లు విప్పిన రోజు అంతా బాగానే కనిపిస్తుంది. సన్నటి గీత, పైన అక్కడక్కడా పక్కు. "మానిపోయిందమ్మా, ఇక కట్టు అక్కర్లేదు" అని నర్సు పంపించేస్తుంది. ఇంటికొచ్చాక బిడ్డ పాలు, నిద్రలేని రాత్రులు, వచ్చిపోయే చుట్టాలు. ఆ గీత సంగతి ఎవరికీ గుర్తుండదు. చిల్లా స్నానం కూడా అయిపోయాక ఒకరోజు షల్వార్ నాడా తగిలిన చోట చురుక్కుమంటుంది. చూసుకుంటే గీత ఎర్రగా ఉబ్బి ఉంటుంది. తడిమితే తాడులా గట్టిగా తగులుతుంది. రాత్రిళ్లు దురద.

అప్పుడు సలహాలు మొదలవుతాయి. అత్తగారు "తినకూడనిదేదో తిన్నావు" అంటారు. పక్కింటి ఖాలా కలోంజీ నూనె రాయమంటుంది. మెడికల్ షాపులో అడిగితే వందల రూపాయల ట్యూబ్ ఒకటి చేతిలో పెడతారు. పది రోజులు రాసి, తేడా ఏమీ కనిపించక, దాన్ని అల్మారాలో పడేస్తారు.

ఇది ఏ ఒకరిద్దరి ఇంటి కథో కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశం మొత్తం మీద ఆ లెక్క 21.5 శాతమే. అంటే మన ఇళ్లలో సగం మంది తల్లుల పొట్ట మీద ఒక కోత ఉంది. బైపాస్, థైరాయిడ్, పిత్తాశయం ఆపరేషన్లు వీటికి అదనం. అయినా డిశ్చార్జి కాగితంలో మాత్రల పేర్లు ఉంటాయి గానీ, మచ్చ గురించి ఒక్క ముక్క కూడా ఉండదు. చెప్పాల్సిన సమయం అదే. ఎందుకంటే మచ్చ లావెక్కాక తగ్గించడం కంటే లావెక్కకుండా ఆపడం చాలా తేలిక, చాలా చవక. దానికి సరైన కాలం కుట్లు విప్పాక వచ్చే మొదటి మూడు నెలలు.

గీత ఎందుకు తాడవుతుంది?

చర్మం తెగినప్పుడు ఒళ్లు ఆ చీలికను కొల్లాజెన్ అనే పీచుతో కూరుస్తుంది. మొదట్లో తొందరగా, ఎడాపెడా కూరేస్తుంది. తర్వాత నెలల తరబడి ఆ పీచును సర్దుతూ, ఎక్కువైంది తీసేస్తూ ఉంటుంది. ఈ సర్దుబాటుకు ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర పడుతుంది. మొదటి రెండు మూడు నెలల్లో ఏ మచ్చయినా కాస్త ఎర్రగా, గట్టిగా ఉండటం మామూలే. అందుకని ఎర్రగా ఉంది కదా అని కంగారు పడక్కర్లేదు. కూర్చడం ఆగక, తీసేయడం మొదలవకపోతేనే మచ్చ ఉబ్బుతుంది. జనం "కండ పెరిగింది" అనేది దీన్నే.

ఇందులో రెండు రకాలున్నాయి. ఈ తేడా తెలుసుకోవడం అవసరం. మొదటిది కోత ఎంత మేర ఉందో అంత మేరే ఉబ్బుతుంది, గీత దాటి బయటికి రాదు. ఆపరేషన్ అయిన నెలా రెండు నెలల్లో మొదలై, కొన్నాళ్లు పెరిగి, చాలామందిలో ఏడాది రెండేళ్లకు దానంతటదే మెత్తబడుతుంది. డాక్టర్లు దీన్ని హైపర్‌ట్రోఫిక్ స్కార్ అంటారు. రెండోది కీలాయిడ్. ఇది కోత హద్దు దాటి పక్కనున్న మంచి చర్మం మీదికి పాకుతుంది. కొన్ని నెలల తర్వాత, ఒక్కోసారి ఏడాది దాటాక కూడా మొదలవ్వొచ్చు, దానంతటది తగ్గదు. ఆ పేరు గ్రీకులో పీత కొండి అనే మాట నుంచి వచ్చింది. చూసినవాళ్లకు ఆ పేరు ఎందుకు పెట్టారో వెంటనే అర్థమవుతుంది.

తెల్ల చర్మం వాళ్లకంటే మన లాంటి చామనఛాయ, నలుపు చర్మం వాళ్లకు ఈ బెడద ఎక్కువ. పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల లోపు వయసులో ఇంకా ఎక్కువ. అమ్మకో, అక్కకో కీలాయిడ్ ఉంటే మీకూ వచ్చే అవకాశం ఉంది. శరీరంలో చర్మం ఎప్పుడూ లాగబడే చోట్లు, అంటే రొమ్ము ఎముక పైన, భుజాలు, వీపు పైభాగం, పొత్తికడుపు. వీటి మీది కోతలు ముందు ఉబ్బుతాయి. చెవి తమ్మె మీద లాగుడు లేకపోయినా కీలాయిడ్‌కు అది ఇష్టమైన చోటు. కనురెప్ప మీది కోత మాత్రం దాదాపు ఎప్పుడూ చక్కగా మానుతుంది.

ముందు పుండు మూసుకోవాలి

ఏ జెల్ అయినా, ఏ షీటు అయినా పచ్చి పుండు మీద వేసేది కాదు. కుట్లు తీసి, పక్కు రాలి, ఎక్కడా చెమ్మ ఊరకుండా ఉన్నాకే వాటి వంతు. మామూలుగా రెండు మూడు వారాలు. చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు ఇంకాస్త ఎక్కువ.

అప్పటిదాకా ఏం చేయాలి? మన దగ్గర "పుండు ఆరాలి" అనే మాట బలంగా నాటుకుపోయింది. అందుకే పౌడర్ చల్లుతారు, పసుపు అద్దుతారు, గాలికి వదిలేస్తారు. నిజానికి 1962లోనే జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త జంతువుల గాయాల మీద చూపించాడు. కప్పి చెమ్మగా ఉంచిన గాయం మీద కొత్త చర్మం త్వరగా వస్తుంది, ఆరబెట్టిన గాయం మీద ఆలస్యంగా వస్తుంది. గట్టి పక్కు కట్టిందంటే కింద కొత్త చర్మం దాన్ని దాటుకుని రావడానికి అవస్థ పడుతోందని అర్థం. మీ సర్జన్ కట్టు తీసేయొచ్చు అన్నాక, రోజూ మామూలు సబ్బునీళ్లతో మెల్లగా కడిగి, పొడిబట్టతో అద్ది, పలచగా పెట్రోలియం జెల్లీ రాస్తే చాలు. అవును, చలికాలం పెదాలకు రాసే అదే జెల్లీ. యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ డాక్టర్ రాస్తేనే వాడాలి. నియోమైసిన్ ఉన్న వాటితో కొందరికి దద్దుర్లు వస్తాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగ వస్తుంటే పుండు శుభ్రమవుతున్నట్టు అనిపిస్తుంది గానీ, అది కొత్తగా పుట్టే కణాలను కూడా దెబ్బతీస్తుంది.

పథ్యం మాటా ఇక్కడే చెప్పుకోవాలి. మాంసం, గుడ్డు, పప్పు తింటే చీము పడుతుందని బాలింతకు చారన్నం పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. చీము పట్టేది క్రిములతో, తిండితో కాదు. పుండు మానడానికి కావాల్సిన ముడిసరుకే మాంసకృత్తులు. యఖ్నీ, గుడ్డు, పప్పు, పాలు ధైర్యంగా పెట్టండి. మచ్చ ఉబ్బిందని కోడలి తిండిని తప్పుపట్టడం న్యాయం కాదు. అది ఆమె తిన్నదాని వల్ల వచ్చింది కాదు.

చవకైన టేపు

మెడికల్ షాపుల్లో సెలైన్ సూది అతికించడానికి వాడే తెల్ల కాగితం టేపు చూసే ఉంటారు. మైక్రోపోర్ అని అడిగితే ఇస్తారు. ఖరీదు పదుల రూపాయల్లోనే. మచ్చ లావెక్కకుండా ఆపడానికి పనికొచ్చే వాటిలో ఇదొకటి అంటే చాలామంది నమ్మరు.

2005లో ఆస్ట్రేలియా పరిశోధకులు సిజేరియన్ అయిన 70 మంది తల్లుల మీద ఈ పరీక్ష చేశారు. కొందరికి కోత మీద కాగితం టేపు వేసి 12 వారాలు ఉంచమన్నారు, మిగతావాళ్లకు ఏమీ వేయలేదు. టేపు వేయనివాళ్లలో పదిమందికి నలుగురి చొప్పున మచ్చ ఉబ్బింది. టేపు వేసుకున్నవాళ్లలో అది బాగా తక్కువ, ఆ కొద్దిమందిలో కూడా ఎక్కువగా టేపు తీసేశాకే ఉబ్బింది. చిన్న పరీక్షే, మధ్యలో మానేసినవాళ్లూ ఉన్నారు, కాబట్టి దీన్నే ఆఖరి మాట అనుకోకూడదు. కానీ ఇందులో ఉన్న తర్కం తేలికగా అర్థమయ్యేదే. బిడ్డను ఎత్తినప్పుడల్లా, వంగి లేచినప్పుడల్లా, దగ్గినప్పుడల్లా పొత్తికడుపు కోత లాగబడుతుంది. లాగినకొద్దీ ఒళ్లు "ఇక్కడ ఇంకా బలం కావాలి" అనుకుని ఇంకా పీచు కూరుస్తుంది. టేపు ఆ లాగుడును తాను మోస్తుంది.

వేసే పద్ధతి: చర్మం శుభ్రంగా, నూనె లేకుండా, పొడిగా ఉండాలి. గీత పొడవునా, గీత మీదే టేపు అతికించాలి. స్నానం చేయొచ్చు, తర్వాత బట్టతో అద్దితే ఆరిపోతుంది. దానంతటది ఊడేదాకా నాలుగైదు రోజులు ఉంచి కొత్తది వేసుకోవాలి. రోజూ పీకి వేస్తే ఆ పీకుడుకే చర్మం రేగుతుంది. తీసేటప్పుడు తడిపి మెల్లగా తీయండి. ఎర్రటి దద్దురు వస్తే కొన్నాళ్లు ఆపేయాలి. ఇలా మూడు నెలలు.

బైపాస్ అయిన అబ్బాజాన్లకు కూడా ఇదే మాట వర్తిస్తుంది. రొమ్ము మధ్యలో కోత కీలాయిడ్‌కు పెట్టింది పేరు. గుండె బాగుపడిందన్న సంతోషంలో ఆ దురదను నెలల తరబడి ఎవరికీ చెప్పకుండా భరించేవాళ్లు ఎందరో.

సిలికాన్ జెల్, సిలికాన్ షీటు

పైపూతల్లో డాక్టర్లు ముందుగా చెప్పేది సిలికాన్. 1980ల మొదట్లో ఆస్ట్రేలియాలో కాలిన గాయాల మచ్చల మీద వాడటంతో ఇది వెలుగులోకి వచ్చింది. అప్పట్నుంచి ప్రపంచమంతా వాడుతున్నారు.

సిలికాన్ చర్మంలోకి ఇంకి మచ్చను కరిగించేస్తుందని చాలామంది అనుకుంటారు. కాదండీ. అది లోపలికి పోదు. కొత్తగా మానిన చర్మం పై పొర ఇంకా పల్చగా ఉండి, లోపలి తేమ బయటికి పోతూ ఉంటుంది. పైన తేమ తగ్గిందంటే కింది కణాలకు ఇంకా పీచు కూర్చమని కబురు వెళ్తుంది. సిలికాన్ పైన మూతలా ఉండి తేమను ఆపుతుంది. కబురు ఆగుతుంది, దురద కూడా తగ్గుతుంది. బాలింతలు బిడ్డకు పాలిస్తూ కూడా వాడుకోవచ్చు. పొట్ట మీది జెల్ పాలలోకి పోయేది కాదు.

మూత కాబట్టే అది ఎంతసేపు ఉందన్నదే లెక్క. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. షీటు అయితే రోజుకు కనీసం 12 గంటలు, కుదిరితే రోజంతా ఉంచాలి. మొదటి రెండు మూడు రోజులు నాలుగేసి గంటలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. రోజూ తీసి, చర్మాన్నీ షీటునూ సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి మళ్లీ అదే వేసుకోవచ్చు. అతుక్కోవడం మానేశాక మార్చాలి. జెల్ అయితే పొద్దున, రాత్రి. చాలా పల్చగా రాసి ఐదు నిమిషాలు ఆరనివ్వాలి. అప్పటికీ జిగటగా ఉందంటే ఎక్కువ రాశారని అర్థం. మందంగా పూస్తే ట్యూబ్ త్వరగా అయిపోవడమే తప్ప లాభం లేదు. రెండింటిలో ఏదైనా సరే రెండు మూడు నెలలు విడవకుండా వాడాలి. పది రోజులకే ఆపేస్తే డబ్బులు దండగ.

మన ఎండల్లో షీటు కింద చెమట పట్టి చెమటకాయలు వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో జెల్ మేలు. మోచేయి, మోకాలు లాంటి మడత పడే చోట్ల కూడా జెల్లే నిలుస్తుంది.

సిలికాన్ ఎంత గట్టిగా పనిచేస్తుంది? అమ్మేవాళ్లు చెప్పినంత కాదు. వైద్య పరీక్షలన్నింటినీ వడబోసే కోక్రేన్ సంస్థ 2013లో సిలికాన్ షీట్ల మీద జరిగిన పరీక్షలను చూసి, వాటిలో చాలావాటి నాణ్యత తక్కువగా ఉందని తేల్చింది. అయినా నిపుణులు దాన్నే ముందు చెబుతున్నారు. కారణం, మేలు కనిపించే అవకాశం ఉంది, కీడు దాదాపు లేదు. నా మటుకు నాకు, చేతిలో డబ్బు తక్కువుంటే టేపుతో మూడు నెలలు క్రమంగా నడిపించడం, ఖరీదైన జెల్‌ను మూడు వారాలు రాయడం కంటే మంచిదనిపిస్తుంది.

వుజూ, గుస్ల్ సందేహం చాలామందికి వస్తుంది. పొట్ట మీది, ఛాతీ మీది కోతకు వుజూతో పని లేదు. ముఖం, చేతులు, పాదాల మీద మచ్చ ఉంటేనే ఆ ప్రశ్న. షీటును ఎలాగూ రోజూ తీసి కడగాలి కాబట్టి, గుస్ల్ సమయంలో తీసి తర్వాత వేసుకోవచ్చు. జెల్ సబ్బుతో కడిగితే పోతుంది. టేపును తడిపి తీసి, ఒళ్లు ఆరాక కొత్తది వేసుకోవచ్చు. గాయం పచ్చిగా ఉండి కట్టు తీయకూడని దశలో మసహ్ ఎలా చేయాలో మీ ఆలిమ్‌ను అడగండి. కట్టు తీయొచ్చా, లేదా అన్నది మాత్రం డాక్టరే చెప్పాలి.

విటమిన్ ఇ, ఉల్లి జెల్, ఇంట్లో నూనెలు

విటమిన్ ఇ గుళికను సూదితో పొడిచి మచ్చ మీద పిండటం ఇప్పుడు యూట్యూబ్ పుణ్యమా అని ఇంటింటి వైద్యమైంది. 1999లో అమెరికాలోని మయామీ డాక్టర్లు దీన్ని తేల్చిచూశారు. ఆపరేషన్ అయిన 15 మందికి ఒకే మచ్చలో ఒక సగానికి విటమిన్ ఇ కలిపిన ఆయింట్‌మెంట్, రెండో సగానికి ఉత్త ఆయింట్‌మెంట్ రాయించారు. నూటికి 90 మచ్చల్లో విటమిన్ ఇ వల్ల ఏ మేలూ లేదు, లేదంటే మచ్చ ఇంకా వికారంగా మారింది. మూడో వంతు మందికి దద్దురు వచ్చింది. గుళికలు మానేయండి.

ఉల్లి సారంతో చేసిన జెల్‌ల మీద పరీక్షలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. కొన్నింటిలో కాస్త మేలు, కొన్నింటిలో పెట్రోలియం జెల్లీకి మించి ఏమీ లేదు. వాటి కోసం డబ్బు పోయనక్కర్లేదు.

కలోంజీ నూనె, జైతూన్ నూనె, కొబ్బరినూనె మచ్చను ఉబ్బకుండా ఆపుతాయని చెప్పడానికి గట్టి ఆధారం లేదు. కానీ పూర్తిగా మూసుకున్న మచ్చను మర్దన చేసుకునేటప్పుడు జారుడుకు ఏదో ఒకటి కావాలి. పడనివాళ్లకు తప్ప, వీటిలో ఏదైనా వాడుకోవచ్చు. నెల దాటాక బొటనవేలితో కాస్త ఒత్తిడి పెట్టి, గుండ్రంగా, రోజుకు రెండుసార్లు ఐదేసి నిమిషాలు. బిగుసుకున్న చర్మం కాస్త వదులవుతుంది. ఒక్క మాట గుర్తుంచుకోండి, నూనె ఉన్న చర్మం మీద టేపు నిలవదు. పచ్చి పుండు మీద ఏ నూనే వద్దు.

ఇక అసలు భయపడాల్సింది స్టెరాయిడ్ క్రీములకు. మొహం తెల్లబడటానికి చీటీ లేకుండా అమ్ముడుపోయే క్రీములే మచ్చకూ ఇస్తున్నారు. సొంతంగా నెలల తరబడి రాస్తే చుట్టూ ఉన్న మంచి చర్మం పల్చబడి, ఎర్రటి నరాలు తేలి, రంగు మారుతుంది. మచ్చ మాత్రం అలాగే ఉండొచ్చు.

థైరాయిడ్ ఆపరేషన్ అయిన ఆడవాళ్లకు మెడ మీది గీత నల్లబడకుండా ఎండ తగలనివ్వకపోవడం ముఖ్యం. స్కార్ఫ్ కట్టుకునేవాళ్లకు సగం పని అయిపోయినట్టే, కానీ పల్చటి జార్జెట్ గుండా ఎండ దిగుతుంది. కింద ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ రాయండి. స్కార్ఫ్ పిన్ను, ముడి ఆ గీత మీద రుద్దుకోకుండా పక్కకు పెట్టుకోండి.

హద్దు దాటితే...

మచ్చ కోతను దాటి పాకుతుంటే, మూడు నెలలు టేపో సిలికానో క్రమంగా వాడినా పెరుగుతూనే ఉంటే, ఇక పైపూతలతో కాలం గడపకూడదు. స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. అక్కడ ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్‌ను సూదితో నేరుగా మచ్చలోకి ఎక్కిస్తారు. నాలుగైదు వారాలకోసారి, కొన్నిసార్లు చేయాలి. నొప్పి ఉంటుంది, చుట్టూ చర్మం కాస్త తెల్లబడొచ్చు, అయినా మచ్చ అణగడానికి ఎక్కువగా చేసే వైద్యం ఇదే.

"కోసి తీసేయండి డాక్టర్" అని పట్టుబట్టకండి. కీలాయిడ్‌ను కోసి ఊరుకుంటే తిరిగి వచ్చే అవకాశం 45 నుంచి 100 శాతం వరకు ఉందని వైద్య పుస్తకాల మాట. వచ్చేది ముందుకంటే పెద్దది కావచ్చు. కోసినా, వెంట ఇంజెక్షన్లో రేడియేషనో ఉండాల్సిందే. చెవికి అయితే నొక్కిపట్టే ప్రత్యేకమైన కమ్మలు కూడా ఇస్తారు. చెవి అంచు పొడవునా బాలీల కోసం కుట్టించే మన ఇళ్లలో ఇది తెలియాలి. తల్లికో, పిన్నికో కీలాయిడ్ ఉంటే, పాపకు ఒక్కో తమ్మెకు ఒక్క కుట్టుతో ఆగి ఏడాది చూడండి.

కొన్నింటికి మూడు నెలలు ఆగకూడదు. మొదటి వారాల్లో కోత దగ్గర వేడి, చీము, దుర్వాసన, జ్వరం ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. అలాగే సిజేరియన్ మచ్చ దగ్గర గడ్డలా తగులుతూ, ప్రతి నెలసరికి అక్కడే నొప్పి పెరిగి తర్వాత తగ్గుతుంటే అది కీలాయిడ్ కాకపోవచ్చు. గర్భసంచి లోపలి పొర ముక్క కోతలో చిక్కుకుని పెరిగినా అలాగే ఉంటుంది. దానికి ఏ జెల్లూ పనిచేయదు. సిగ్గుపడి దాచుకోకుండా గైనకాలజిస్టుకు నెలసరి తేదీలతో సహా చెప్పాలి.

రెండో కాన్పుకు కూడా సిజేరియన్ తప్పదంటే, మొదటిసారి మచ్చ ఉబ్బిందని సర్జన్‌కు ముందే చెప్పండి. మామూలుగా పాత మచ్చను తీసేసి అదే చోట కోస్తారు, అంటే మీకు ఇంకో అవకాశం దొరికినట్టే. ఈసారి ఆసుపత్రి సంచీలో బిడ్డ బట్టలతో పాటు ఒక మైక్రోపోర్ చుట్ట కూడా పెట్టుకోండి. కుట్లు విప్పిన రోజున "ఇది ఎప్పట్నుంచి వేయొచ్చు?" అని అడగండి.